పేస్‌మేకర్ డేటా మీ కేస్ షీట్‌లోకి ఎలా చేరాలి: గుండె క్లినిక్‌లలో రిమోట్ మానిటరింగ్ మొదలుపెట్టే పద్ధతి

వనపర్తి నుంచో సూర్యాపేట నుంచో తెల్లవారుజామున బస్సెక్కి, హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో దిగి, ఆటో పట్టుకుని మీ క్లినిక్‌కి వచ్చిన పేస్‌మేకర్ పేషెంట్‌కి మీరు చేసే చెకప్ పది పదిహేను నిమిషాలు. చాలాసార్లు అది 'అంతా బాగుంది, ఆర్నెల్ల తర్వాత రండి' అనే మాటతో ముగుస్తుంది. కానీ ఆ ఆర్నెల్లలో లీడ్ (పరికరం నుంచి గుండెలోకి వెళ్ళే తీగ) దెబ్బతిన్నా, గుండె లయ తప్పినా, బ్యాటరీ చివరికొచ్చినా పరికరం లోపల అది రాసుకుంటూనే ఉంటుంది. పేషెంట్ మళ్ళీ వచ్చేదాకా ఆ సంగతి మీకు తెలియదు.

ఆ సమాచారం ఇంటి నుంచే మీకు చేరితే ఎంత తేడా వస్తుందో పరిశోధనలు ఎప్పుడో చూపించాయి. 2010లో ప్రచురించిన ట్రస్ట్ అధ్యయనంలో ఐసీడీ (ప్రమాదకరమైన లయ వస్తే షాక్ ఇచ్చే పరికరం) ఉన్న 1,339 మంది పేషెంట్లున్నారు. మామూలు ఫాలోఅప్‌లో ఉన్నవాళ్ళ సమస్య డాక్టర్ కంట పడటానికి మధ్యస్థ లెక్కన 36 రోజులు పడితే, రిమోట్‌లో ఉన్నవాళ్ళకు రెండు రోజుల్లోపే తెలిసింది. 2014లో వచ్చిన ఇన్‌టైమ్ అధ్యయనంలో గుండె బలహీనపడిన పేషెంట్లలో ఏడాది మరణాలు 8.7 శాతం నుంచి 3.4 శాతానికి తగ్గాయి. కానీ 2017లో బ్రిటన్ నుంచి వచ్చిన రెమ్-హెచ్ఎఫ్ అధ్యయనంలో 1,650 మందిని చూసినా అలాంటి లాభం కనబడలేదు. ఇన్‌టైమ్‌లో డేటా రోజూ వచ్చేది. దాన్ని చూసి ఆసుపత్రులకు ఫోన్ చేయడానికి ప్రత్యేకంగా ఒక బృందం ఉండేది. రెమ్-హెచ్ఎఫ్‌లో వారానికోసారి డౌన్‌లోడ్ చేసి చూసేవారు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు అర్థమయ్యేది ఒకటే: డేటా రావడం ఒక ఎత్తు, దాన్ని వచ్చిన రోజే చూసి ఫోన్ ఎత్తే మనిషి ఉండటం ఇంకో ఎత్తు. అందుకే ఈ గైడ్‌లో సాఫ్ట్‌వేర్ ఐదో మెట్టులో గానీ రాదు.

1. మీ దగ్గర ఎవరెవరున్నారో లెక్క తీయండి

ఒక ఎక్సెల్ షీట్ చాలు. ఒక్కో పేషెంట్‌కి ఒక్కో వరుస. పరికరం ఏ కంపెనీది, మోడల్ ఏమిటి, సీరియల్ నంబరెంత, ఎప్పుడు ఎక్కడ పెట్టారు, లీడ్లు ఎన్ని, ఎందుకు పెట్టాల్సి వచ్చింది అన్నవి రాయండి. ఇవి డిశ్చార్జ్ సమ్మరీలో దొరక్కపోతే పాత కేస్ షీట్‌లో అతికించిన స్టిక్కర్ మీదో, పేషెంట్ పర్సులో ఉండే ఐడీ కార్డు మీదో ఉంటాయి.

ఆ షీట్‌లో తప్పకుండా ఉండాల్సిన కాలమ్ ఇంకొకటి ఉంది. ఈ పేషెంట్ పేస్‌మేకర్ మీదే ఆధారపడ్డాడా, లేక అది ఆగినా సొంత లయ ఉందా? లీడ్‌లో తేడా వచ్చిందని అలర్ట్ వస్తే 'రేపు ఉదయం రండి' అనాలా, 'ఇప్పుడే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్ళండి' అనాలా అన్నది దీన్నిబట్టే తేలుతుంది. అలర్ట్ వచ్చాక ఫైలు వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

ఫోన్ నంబర్లు రెండు తీసుకోండి. ఒకటి పేషెంట్‌ది, రెండోది పిలిస్తే పలికే కొడుకుదో కూతురుదో కోడలిదో. పల్లెల్లో పెద్దవాళ్ళ ఫోన్ తరచూ ఛార్జింగ్ లేకుండా గూట్లో ఉంటుంది, రెండో నంబరే మీకు దిక్కు.

తర్వాత కంపెనీల దగ్గరికి వెళ్ళండి. మెడ్‌ట్రానిక్ కేర్‌లింక్, అబాట్ మెర్లిన్ డాట్ నెట్, బయోట్రానిక్ హోమ్ మానిటరింగ్, బోస్టన్ సైంటిఫిక్ లాటిట్యూడ్, ఇలా ఒక్కో కంపెనీకి ఒక్కో పోర్టల్ (డేటా చూసే వెబ్‌సైట్) ఉంది. ఒకరి పరికరం ఇంకొకరి పోర్టల్‌లో కనబడదు. మీ షీట్‌లోని ఏ మోడల్‌కి ఇక్కడ రిమోట్ సదుపాయం ఉందో, ట్రాన్స్‌మిటర్ (పరికరం డేటాని ఇంటి నుంచి పోర్టల్‌కి పంపే పెట్టె) ధర ఎంతో, పాడైతే ఎన్ని రోజుల్లో మార్చి ఇస్తారో ఆ కంపెనీ వాళ్ళను రాతపూర్వకంగా అడగండి. నోటిమాట మీద ఆధారపడొద్దు. ఏరియా చూసే ప్రతినిధి మారితే ఆ మాట ఆయనతోపాటే వెళ్ళిపోతుంది.

నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో కార్పొరేట్ ఆసుపత్రిలోనో పరికరం పెట్టించుకుని ఇప్పుడు మీ దగ్గరికి వస్తున్నవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ పేరు ఇప్పటికే పాత క్లినిక్ ఖాతాలో నమోదై ఉండొచ్చు. అలా ఉంటే అలర్ట్‌లు అక్కడికే పోతాయి. పాత క్లినిక్ వదిలితేనే మీ ఖాతాలోకి వస్తారు కాబట్టి, పేషెంట్ సంతకంతో బదిలీ కోరుతూ మెయిల్ పెట్టండి. బదిలీ పూర్తయ్యేదాకా ఆ పేషెంట్‌ని ఎవరు చూస్తున్నారో ఇరువైపులా తేల్చుకోండి.

2. ఎవరు చూస్తారో, ఎప్పుడు చూస్తారో కాగితం మీద పెట్టండి

గుండె లయ నిపుణుల అంతర్జాతీయ సంఘాలు 2023లో కలిసి విడుదల చేసిన మార్గదర్శకం ప్రకారం, రిమోట్‌లో ఉన్న ప్రతి 1,000 మంది పేషెంట్లకు ముగ్గురు పూర్తికాలపు సిబ్బంది కావాలి. నర్సులు, టెక్నీషియన్లు, ఫోన్లు చేసేవాళ్ళు అందరూ అందులోకే వస్తారు. మీకు 100 మంది ఉన్నారనుకుంటే ఒక మనిషి రోజులో సుమారు మూడో వంతు. వినడానికి తక్కువే, కానీ ఆ మూడో వంతు ప్రతిరోజూ ఉండాలి. 'ఖాళీ దొరికినప్పుడు చూస్తాలే' అన్న క్లినిక్‌లో ఆ ఖాళీ ఎప్పటికీ దొరకదు.

ఓపీ మొదలవకముందు, ఉదయం తొమ్మిది నుంచి పది దాకా అనుకోండి. ఆ గంటలో ఒక టెక్నీషియన్ అన్ని పోర్టళ్ళూ తెరిచి చూడాలి. ఆ మనిషి సెలవు పెడితే ఎవరు? సంక్రాంతికి ఊరెళ్తే? దసరాకి సిటీ సగం ఖాళీ అయినప్పుడు? రెండో పేరు కూడా అదే కాగితం మీద ఉండాలి. డాక్టర్ సంతకం ఎప్పటిలోగా పడాలో కూడా రాయండి. అత్యవసర అలర్ట్‌ని ఒక్క పనిదినంలోపు చూడాలన్నది ఆ మార్గదర్శకం చెప్పే మాట. అది దాటకూడని గీత. మీరు అదే రోజని పెట్టుకుంటే ఇంకా మంచిది.

కంపెనీ ప్రతినిధి చూసి చెబుతాడులే అన్న ఏర్పాటు మన దగ్గర చాలా చోట్ల నడుస్తోంది. ఓపీలో ప్రోగ్రామర్ (పరికరాన్ని చదివి సెట్ చేసే యంత్రం) పట్టుకుని సాయం చేయడం వేరు, రోజూ వచ్చే అలర్ట్‌ల బాధ్యత వేరు. పేషెంట్ మిమ్మల్ని నమ్మి ఒప్పుకున్నాడు. ఆ బాధ్యత ప్రతినిధికి అప్పగించేది కాదు.

3. ఏది ఎర్రది, ఏది పసుపు, ఏది అక్కర్లేదు

సగం క్లినిక్‌లు ఇక్కడే చతికిలపడతాయి. కంపెనీ ఇచ్చిన డీఫాల్ట్ సెట్టింగులతోనే వదిలేస్తే మొదటి వారమే అలర్ట్‌లు వరదలా వస్తాయి. పదింట్లో ఎనిమిది పనికిరానివైతే మిగతా రెండిటినీ చూసే ఓపిక ఎవరికీ మిగలదు. అందుకని డాక్టర్, టెక్నీషియన్ ఒక మధ్యాహ్నం కూర్చుని ప్రతి అలర్ట్‌నీ మూడు గంపల్లో వేసుకోవాలి.

ఎర్రవి, అంటే అదే రోజు ఫోన్ చేయాల్సినవి: ఐసీడీ షాక్ ఇచ్చింది. ప్రమాదకరమైన వీటీ లేదా వీఎఫ్ (జఠరికల్లో పుట్టే అతివేగ లయలు) నమోదైంది. లీడ్ ఇంపిడెన్స్ (తీగలో కరెంటుకు ఎదురయ్యే నిరోధం) ఉన్నట్టుండి మారింది. పేసింగ్ థ్రెషోల్డ్ (గుండెను కొట్టించడానికి కావాల్సిన కనీస వోల్టేజీ) పరికరం ఇచ్చే వోల్టేజీకి దగ్గరగా పెరిగింది. ఐసీడీ చికిత్స ఆఫ్‌లో ఉండిపోయింది. ఈ చివరిది ఎక్కువగా ఏదో ఆపరేషన్ కోసం ఆపి, మళ్ళీ ఆన్ చేయడం మరిచిపోయిన కేసు. ఎవరి కంటా పడకుండా నెలల తరబడి ఉండగలిగే ప్రమాదం ఇది.

పసుపువి, ఈ వారంలో తేల్చాల్సినవి: ఇంతకుముందు ఏఎఫ్ (గుండె పై గదులు క్రమం లేకుండా అదరడం) లేని మనిషిలో మొదటిసారి ఏఎఫ్ కనబడింది. సీఆర్‌టీ (రెండు జఠరికలనూ కలిపి కొట్టించే పరికరం) పేషెంట్‌లో రెండు జఠరికల పేసింగ్ శాతం తగ్గింది. దాన్ని 98కి పైన ఉంచడానికి ప్రయత్నించాలి. ఛాతీలో నీరు చేరుతోందని చెప్పే సూచిక పెరిగింది. బ్యాటరీ మార్చాల్సిన సూచన వచ్చింది. బ్యాటరీ సూచన వచ్చాక పేస్‌మేకర్లకు సాధారణంగా కనీసం మూడు నెలల గడువుంటుంది, కాబట్టి కంగారు అక్కర్లేదు. కానీ పేషెంట్ ప్రభుత్వ పథకం కింద మార్పించుకోవాలంటే కాగితాలకూ అనుమతులకూ పట్టే సమయం అందులోంచే పోతుంది. ఆ పని మొదటి వారంలోనే మొదలుపెట్టించండి. పేషెంట్ పూర్తిగా పేసింగ్ మీదే ఆధారపడినవాడైతే బ్యాటరీ సూచనను నేను ఎర్రగంపలోనే వేస్తాను.

ఏఎఫ్ గురించి ఒక మాట. 2012లో వచ్చిన అసర్ట్ అధ్యయనం ఆరు నిమిషాలకు మించిన ఏఎఫ్ తరహా లయ ఉన్నవాళ్ళలో స్ట్రోక్ ముప్పు సుమారు రెండున్నర రెట్లని చెప్పింది. 2023 నాటి ఆర్టీసియా అధ్యయనంలో రక్తం పలచబరిచే ఎపిక్సబాన్ ఇచ్చినవాళ్ళకు స్ట్రోక్ తగ్గింది, రక్తస్రావం పెరిగింది. కనుక అలర్ట్ వచ్చిందని టెక్నీషియన్ మందు మాట ఎత్తకూడదు. అది డాక్టర్ ముందుకు రావాలి. వయసు, బీపీ, షుగర్, పాత స్ట్రోక్, కిడ్నీ అన్నీ చూసి తేల్చే సంగతి అది.

అక్కర్లేనివి: శాశ్వత ఏఎఫ్ ఉండి ఇప్పటికే రక్తం పలచబరిచే మందు వాడుతున్న మనిషికి రోజూ వచ్చే ఏఎఫ్ అలర్ట్. అది ఆపేయండి. అయితే అందరికీ ఒకేసారి కాదు, ఒక్కో పేషెంట్‌కి విడిగా. ఎందుకు ఆపారో కేస్ షీట్‌లో ఒక్క వాక్యం రాయండి.

ఇప్పుడు ఒక ఎర్ర అలర్ట్‌ని దగ్గర్నుంచి చూద్దాం. ఐసీడీ ఉన్న పేషెంట్. కుడి జఠరిక లీడ్ ఇంపిడెన్స్ గ్రాఫ్ నెలల తరబడి 460, 500 ఓమ్‌ల మధ్య చదునుగా సాగింది. సోమవారం 1,100కి ఎగిరింది, మంగళవారం మళ్ళీ 480, బుధవారం 2,000 దాటి అలర్ట్ కొట్టింది. అదే రిపోర్టులో అతి తక్కువ వ్యవధి ఉన్న బీట్ల లెక్క పెరిగింది. ఈజీఎమ్ (పరికరం గుండె లోపలి నుంచి రాసుకున్న గ్రాఫ్) తెరిస్తే మామూలు క్యూఆర్‌ఎస్‌లు (జఠరికల బీట్ల గీతలు) తమ దారిన తాము వెళ్తుంటే, వాటి మధ్య దట్టంగా, క్రమం లేకుండా పుల్లల్లాంటి గీతలు. ఇది గుండె లయ కాదు, లీడ్ తీగ తెగుతోందన్న అనుమానం. ఐసీడీ ఆ గీతల్ని వీఎఫ్ అనుకుంటే మెలకువగా ఉన్న మనిషికి షాక్ మీద షాక్ ఇస్తుంది. మధ్యలో ఒకరోజు 480కి దిగిందని ఊరుకోకూడదు. పైకీ కిందకీ ఇలా ఎగరడమే తెగుతున్న లీడ్ లక్షణం.

టెక్నీషియన్ చేయాల్సింది మూడు పనులు. ముందు డాక్టర్‌కి ఫోన్, మెసేజ్ కాదు. తర్వాత పేషెంట్‌కి ఫోన్. మూడోది కేస్ షీట్‌లో టైముతో సహా రాత. పేషెంట్‌తో మాట్లాడేటప్పుడు భయపెట్టకుండా, సంగతి దాచకుండా చెప్పాలి. నల్గొండ జిల్లా నుంచి వచ్చే ఒక పెద్దావిడతో అయితే ఇలా:

'పెద్దమ్మా, గుండె డాక్టర్ దగ్గర్నుంచి మాట్లాడుతున్న. నువ్వేం పరేషాన్ గాకు. నీ మిషన్ వైరు జర తేడా చూపిస్తున్నది. నిన్న మొన్న ఏమన్న దెబ్బ గొట్టినట్టు ఝల్లుమన్నదా? కండ్లు తిరిగినయా? లేదా, మంచిది. ఇయ్యాలనే డాక్టర్ సారుకు చూపియ్యాలె. ఒక్కదానివే బస్సెక్కకు, కొడుకును ఎంటబెట్టుకొని కారులో రా. ఎడమ చెయ్యి పైకి లేపి బరువులు మొయ్యకు. ఫోన్ జర నీ కొడుక్కియ్యి.'

కొడుక్కి మిగతాది చెప్పండి. షాక్ వస్తే, స్పృహ తప్పితే మీకు ఫోన్ చేస్తూ కూర్చోవద్దని, నేరుగా 108కి చేయమని. పేషెంట్ పేసింగ్ మీదే ఆధారపడినవారైతే రమ్మనడం కూడా తప్పే, దగ్గర్లోని ఆసుపత్రికి అంబులెన్స్‌లో చేర్పించి అక్కడి డాక్టర్‌తో మీ డాక్టర్ మాట్లాడాలి. ఐసీడీ షాక్‌లను తాత్కాలికంగా ఆపడం మానిటర్ పెట్టిన మంచం మీదే, బయటి నుంచి షాక్ ఇచ్చే యంత్రం పక్కన ఉండగానే జరగాలి.

4. పేషెంట్‌ని చేర్చుకోవడం

సమ్మతి పత్రం తెలుగు, హిందీ, ఉర్దూ మూడిట్లోనూ ఉంచండి. పాతబస్తీ నుంచి వచ్చే కుటుంబం చేత ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకుంటే అది సమ్మతి కాదు. అందులో పెద్ద అక్షరాలతో ఉండాల్సిన వాక్యం: 'ఇది అత్యవసర సేవ కాదు. రాత్రిపూట, సెలవుల్లో ఎవరూ చూడరు. ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, షాక్ వస్తే 108కి ఫోన్ చేయండి.' మిషన్ పెట్టుకున్నాం కాబట్టి ఎవరో ఇరవైనాలుగు గంటలూ కనిపెట్టుకుని ఉంటారని పేషెంట్లు నిజంగా నమ్ముతారు. ఆ నమ్మకంతో ఇంట్లో కూర్చుండిపోయిన మనిషికి జరిగే నష్టాన్ని మనం తీర్చలేం.

మంచం పక్కన పెట్టే ట్రాన్స్‌మిటర్ అయితే, తల దగ్గర రెండు మూడు మీటర్ల లోపు, ఇనుప బీరువా అడ్డం లేకుండా పెట్టమనండి. రాత్రి పడుకునే ముందు అన్ని స్విచ్‌లూ కట్టేసే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది. చాలా పరికరాలు డేటా పంపేది అప్పుడే. ఆ ప్లగ్ మీద 'ఆపకండి' అని తెలుగులో స్టిక్కర్ అతికించి ఇవ్వండి. చిన్న పనే, కనెక్షన్ తెగిపోయే కేసులు దీనివల్ల బాగా తగ్గుతాయి.

ఫోన్ యాప్‌తో పనిచేసే పరికరమైతే తలనొప్పి వేరే. బ్యాటరీ ఆదా చేయడానికి చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లను చంపేస్తాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ యాప్‌కి బ్యాటరీ పరిమితి తీసేయాలి, ఆటోస్టార్ట్ ఆన్ చేయాలి, బ్లూటూత్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. పేషెంట్ మోడల్ ఫోన్‌ని ఆ యాప్ ఒప్పుకుంటుందో లేదో కంపెనీ జాబితాలో ముందే చూడండి. యాప్ మనవడి ఫోన్‌లో వేసి పంపకండి. మనవడు కాలేజీకి వెళ్తే ఫోనూ వెళ్ళిపోతుంది.

మొదటి ట్రాన్స్‌మిషన్ మీ క్లినిక్‌లోనే జరగాలి. మీ పోర్టల్‌లో ఆ పేషెంట్ పేరు మీద రిపోర్టు కనబడేదాకా వాళ్ళను పంపొద్దు. ఇంటికెళ్ళాక మూడో రోజు ఒక ఫోన్ చేసి చూడండి.

ప్రయాణాల సంగతి ముందే అడగండి. మన దగ్గర పిల్లల దగ్గరికని డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్ళి ఆర్నెల్లు ఉండి వచ్చే తల్లిదండ్రులు తక్కువేం కాదు. ట్రాన్స్‌మిటర్ అక్కడ పనిచేస్తుందో లేదో ఆ మోడల్‌ని బట్టి ఉంటుంది. పనిచేస్తే, అక్కడి అర్ధరాత్రి జరిగిన సంఘటన మీకు ఇక్కడ పగలు చేరుతుంది. అక్కడ ఎవరికి ఫోన్ చేయాలి, ఏ ఆసుపత్రికి వెళ్ళాలి అన్నది బయల్దేరకముందే రాసి పెట్టుకోండి.

5. డేటాని రికార్డుల్లోకి తేవడం

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. దీనికి మూడు మెట్లున్నాయి. అందరూ మూడో మెట్టు ఎక్కాల్సిన పనిలేదు.

మొదటిది, పోర్టల్ నుంచి పీడీఎఫ్ దించుకుని పేషెంట్ ఫైల్‌లో పెట్టడం. 50, 60 మంది ఉన్న క్లినిక్‌కి ఇది చాలు. ఫైలు పేరు మాత్రం అందరూ ఒకే తీరులో పెట్టాలి: మీ యూహెచ్ఐడీ (పేషెంట్‌కి మీరిచ్చే గుర్తింపు నంబరు), పరికరం సీరియల్ నంబరు, తేదీ. రెండోది, అన్ని కంపెనీల పోర్టళ్ళనూ ఒకేచోట చూపించే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్ కొనుక్కోవడం. నాలుగు పాస్‌వర్డ్‌ల బాధ తప్పుతుంది, ఖర్చు పెరుగుతుంది. మూడోది, డేటా నేరుగా మీ ఈఎంఆర్‌లోకి (కంప్యూటర్‌లోని కేస్ రికార్డు) అంకెలుగా వచ్చేలా చేయడం.

మూడోదానికి ప్రమాణం ఇప్పటికే ఉంది. ఐహెచ్ఈ సంస్థ రూపొందించిన ఐడీసీఓ అనే ప్రొఫైల్ ప్రకారం పోర్టల్ నుంచి హెచ్ఎల్7 (ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు మాట్లాడుకునే భాష) వెర్షన్ 2 ఓఆర్‌యూ సందేశం, అంటే ఫలితాలు మోసే సందేశం, వస్తుంది. అందులో ఒక్కో కొలతకు ఒక్కో ఓబీఎక్స్ వరుస. బ్యాటరీ, ఇంపిడెన్స్, థ్రెషోల్డ్, పేసింగ్ శాతం, ఎపిసోడ్లు, అన్నిటికీ ఐఈఈఈ 11073-10103 ప్రమాణంలో ఉమ్మడి కోడ్‌లున్నాయి. పూర్తి రిపోర్టు పీడీఎఫ్ కూడా అదే సందేశంలో బేస్64 రూపంలో (ఫైలును అక్షరాలుగా మార్చిన రూపం) ఇమిడి వస్తుంది. మీ ఈఎంఆర్ అమ్మినవాళ్ళను అడగాల్సింది 'ఇంటిగ్రేషన్ ఉందా' అని కాదు. అలా అడిగితే అందరూ ఉందనే అంటారు. 'ఐడీసీఓ ఓఆర్‌యూ సందేశం తీసుకుని, ఓబీఎక్స్ విలువల్ని విడివిడి అంకెలుగా దాచి, ఏడాది ట్రెండ్ గీసి చూపించగలరా' అని అడగండి. ఒక నమూనా సందేశం ఇచ్చి చేసి చూపించమనండి. పీడీఎఫ్ ఒక్కటే పట్టుకుంటామంటే అది మొదటి మెట్టే, ధర మాత్రం మూడో మెట్టుది.

మధ్యలో సందేశాన్ని అందుకుని మార్చి పంపడానికి మిర్త్ కనెక్ట్ లాంటి ఇంటిగ్రేషన్ ఇంజిన్ వాడతారు. ఏది వాడినా, వచ్చిన అసలు సందేశాన్ని ఉన్నదున్నట్టు ఒక కాపీ దాచండి. మీ మార్పిడిలో తప్పు దొర్లితే తిరిగి చూసుకోవడానికి అదే ఆధారం.

ఎక్కువ గొడవ వచ్చేది పేరు దగ్గర. కంపెనీ పోర్టల్‌లో ఇంప్లాంట్ రోజున ఎవరో తొందరలో టైప్ చేసిన పేరుంటుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట చివర, మరోచోట ఒక్క అక్షరం. లక్ష్మి అన్న పేరు ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులతో తిరుగుతుందో మీకు తెలుసు. పుట్టినతేదీ ఆదుకుంటుందనుకుంటే, ఆధార్‌లో జనవరి 1 అని ఉన్న పెద్దవాళ్ళు లెక్కలేనంతమంది. అందుకని పేరుతో ఎప్పుడూ జత కలపకండి. ఐడీసీఓ సందేశంలో పేషెంట్ గుర్తింపు గడిలోనే పరికరం మోడల్, సీరియల్ నంబరు వస్తాయి. వాటినే మీ యూహెచ్ఐడీతో ముడివేయండి. మొదటి మెట్టులో తీసిన ఎక్సెల్ షీట్ విలువ ఇక్కడ తెలుస్తుంది. జత దొరకని సందేశం ఊరికే పోకుండా విడిగా ఒక వరుసలో ఆగాలి, దాన్ని మనిషి చూసి తేల్చాలి. జనరేటర్ (బ్యాటరీ ఉండే పరికరం పెట్టె) మార్చిన రోజున కొత్త సీరియల్ నంబరు చేర్చి, పాతదానికి ముగింపు తేదీ వేయడం మరవకండి.

రెండో గొడవ టైము. మన టైము యూటీసీకి (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఐదున్నర గంటలు ముందు. ఆ అరగంట దగ్గరే చాలా సాఫ్ట్‌వేర్లు తడబడతాయి. తెల్లవారుజామున 2:10కి జరిగిన వీటీ, మార్చకుండా వదిలేస్తే ముందురోజు రాత్రి 8:40 అని పడుతుంది. 'రాత్రి భోజనం టైములో ఏమైనా అయ్యిందా' అని పేషెంట్‌ని అడుగుతారు, ఏం కాలేదంటారు, నిద్రలో వచ్చిందన్న ముఖ్యమైన సంగతి చేజారిపోతుంది. ఇంకా పరికరం లోపలి గడియారం, ట్రాన్స్‌మిషన్ టైము, మీ సర్వర్‌కి చేరిన టైము మూడూ వేర్వేరు. మూడిటినీ వేర్వేరు గడుల్లో దాచండి.

కొలమానాలు కూడా ఒకసారి సరిచూడండి. ఒక పది మంది రిపోర్టులు తీసుకుని, పీడీఎఫ్‌లో కనిపించే అంకె, మీ ఈఎంఆర్‌లో పడిన అంకె పక్కపక్కన పెట్టి చదవాలి. ప్రతి కంపెనీకీ విడిగా ఈ పని చేయాలి. విసుగ్గా ఉంటుంది, అయినా తప్పదు.

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో కలపాలనుకుంటే, అది ఎఫ్‌హెచ్ఐఆర్ ఆర్4 ప్రమాణం మీద నడుస్తుంది. పేషెంట్ 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు తీసుకుని, డాక్టర్ సంతకం పడిన రిపోర్టుని వాళ్ళ సమ్మతితో జతచేయొచ్చు. ముడి అలర్ట్‌లను అక్కడికి పంపకండి.

6. చట్టం, గోప్యత

2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఫోన్ మీద సలహా ఇవ్వడానికి వీలిస్తాయి. ఎవరు మాట్లాడారో, ఏం చెప్పారో రికార్డు ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు కూడా వెలువడ్డాయి. మీ న్యాయ సలహాదారుతో ఒకసారి సమ్మతి పత్రం చదివించండి.

రోజువారీ చేయాల్సింది తేలిక. ఒక్కొక్కరికీ ఒక్కో లాగిన్. ఉద్యోగం మానేసిన రోజే ఆ లాగిన్ రద్దు. కంపెనీ ప్రతినిధికి ఏమేం కనబడుతున్నాయో సెట్టింగుల్లో చూడండి. పేషెంట్ పేరుతో ఉన్న ఈజీఎమ్ ఫొటోని వాట్సాప్ గ్రూపులో పెట్టి 'ఇదేమిటి సార్' అని అడిగే అలవాటు ఉంటే ఈ రోజుతో మానిపించండి.

7. కనెక్షన్ తెగినవాళ్ళ జాబితా

ప్రతి సోమవారం తీయాలి. మౌనంగా ఉన్న పేషెంట్ బాగున్నట్టు కాదు. ప్లగ్ పీకేశారో, ఫోన్ మార్చారో, ఇల్లు మారారో, ఆసుపత్రిలో ఉన్నారో కనుక్కోవాలి. డాక్టర్ దగ్గరికి రావాల్సిన వ్యవధిని పెంచే హక్కు కూడా దీన్నిబట్టే వస్తుంది. ఇంప్లాంట్ తర్వాత 2 నుంచి 12 వారాల్లో నేరుగా ఒక చెకప్ ఎలాగూ ఉండాలి. ఆ తర్వాత కనెక్షన్ తెగకుండా ఉండి, ఈమధ్య అలర్ట్‌లేవీ లేకుండా, వేరే గుండె జబ్బులు లేనివాళ్ళకు నేరుగా రావాల్సిన చెకప్‌ని 24 నెలల దాకా పొడిగించవచ్చని 2023 మార్గదర్శకం అంటుంది. కనెక్షన్ లేనివాళ్ళకు పాత పద్ధతే.

పేషెంట్ చనిపోతే పోర్టల్‌లో నమోదు అదే రోజు ముగించండి. 'మీ మిషన్ పనిచేయట్లేదు' అని ఆ ఇంటికి మీ దగ్గర్నుంచి ఫోన్ వెళ్ళకూడదు. ఇంకో ముఖ్యమైన సంగతి, దహనం చేసే కుటుంబమైతే పరికరాన్ని ముందే తీయించాలి. వేడికి దాని బ్యాటరీ పేలుతుంది. ఐసీడీ అయితే తీసేముందు షాక్‌లు ఆపాలి. ఈ మాట చేర్చుకునే రోజున పేషెంట్ ముందు కాకుండా ఇంటివాళ్ళకిచ్చే కాగితంలో రాసి ఇవ్వండి.

8. రుసుము, మొదటి మూడు నెలలు

ఏడాదికి ఇంత అని ఒకే రుసుము పెట్టి, ట్రాన్స్‌మిటర్ ధర విడిగా చెప్పి, సంతకానికి ముందే వివరించండి. అలర్ట్‌కింత అని పెట్టకండి. డబ్బవుతుందని ప్లగ్ పీకేసేవాళ్ళుంటారు.

ఒక్క కంపెనీతో, 20 మందితో మొదలుపెట్టండి. ఐసీడీ, సీఆర్‌టీ ఉన్నవాళ్ళు, దూరం నుంచి వచ్చేవాళ్ళు ముందు. నెలాఖరున ఒక గంట కూర్చుని ఆ నెలలో వచ్చిన ఎర్ర అలర్ట్‌లన్నీ ఒక్కొక్కటిగా తెరవండి. ఎన్నింటికి వచ్చింది, ఎవరు చూశారు, పేషెంట్‌కి ఫోన్ ఎప్పుడు వెళ్ళింది, డాక్టర్ ఏం తేల్చారు అన్న నాలుగు గడులూ నిండి ఉన్నాయా చూడండి. ఒక్క అలర్ట్ పక్కన చూసినవాళ్ళ పేరు ఖాళీగా ఉన్నా, ఎందుకు ఖాళీగా ఉందో తేలేదాకా 21వ పేషెంట్‌ని చేర్చుకోకండి.